తొలి పజిల్ గేమ్: కోడ్ కన్నా ముందు లెవెళ్ల లెక్క

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, రాజాం, టెక్కలి కాలేజీల్లోనో కోడింగ్ నేర్చుకున్న కుర్రకారు సొంతంగా ఒక ఆట చేద్దామనుకుంటే ముందు మనసు పోయేది పజిల్ వైపే. మంచి ఎంపికే. పరుగులు, కాల్పులు ఉండే ఆటకు బొమ్మలు గీయాలి, శబ్దాలు కూర్చాలి, శత్రువులు ఎలా కదలాలో రాయాలి. పజిల్‌కి గళ్ల పలక ఒకటి, నియమం ఒకటి ఉంటే చాలు. అయితే నియమం చిన్నది, కోడ్ చిన్నది కాబట్టి పని కూడా చిన్నదే అనిపిస్తుంది. రెండు వారాలు తిరిగేసరికి స్వైప్ పనిచేస్తుంది, నాలుగు లెవెళ్లు తయారవుతాయి. ఐదో లెవెల్ దగ్గర బండి ఆగుతుంది. కొత్తగా ఏం పెట్టాలో తోచదు, పెట్టినది తేలికో కష్టమో తెలియదు, అసలు దానికి జవాబు ఉందో లేదో కూడా తెలియదు.

పజిల్ గేమ్‌లో అసలు సరుకు లెవెళ్లు. కోడ్ వాటిని ఆడించే యంత్రం. అందుకే ప్రణాళికను లెవెళ్ల వైపు నుంచి వేసుకోవాలి. ఎన్ని లెవెళ్లు, ఒక్కోదానికి ఎన్ని నిమిషాల పని, ఎంచుకున్న నియమం అన్ని లెవెళ్లకూ కొత్త ఆలోచన ఇవ్వగలదా అన్నవి ముందు తేలాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది ఆ తర్వాతి మాట.

ఈ విషయంలో 2048 ఆట కథ కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. గాబ్రియేల్ చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు దాన్ని ఒక వారాంతంలో రాశాడు, 2014 మార్చిలో విడుదల చేశాడు. నిజమే. కానీ పలకలను జరిపి, కలిపి పెద్ద అంకె చేసే ఆలోచన అతను కొత్తగా వెతుక్కున్నది కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన త్రీస్ అనే ఆటలో అది ఉంది, ఆ ఆట వెనుక దాదాపు 14 నెలల పని ఉంది. అంతకన్నా ముఖ్యం, 2048లో లెవెళ్లే లేవు. ప్రతి ఎత్తు తర్వాత ఖాళీ గడిలో 90 శాతం సార్లు 2, 10 శాతం సార్లు 4 పడతాయి. కొత్తదనం ఆ యాదృచ్ఛికత నుంచే వస్తుంది. చేత్తో పేర్చిన లెవెళ్లున్న ఆటకు ఆ వారాంతం లెక్క పనికిరాదు.

నియమాన్ని తూచడం

మన వాకిట్లో ఉన్న ముగ్గునే చూద్దాం. చుక్కలన్నీ కలిపే గీతలను చెయ్యి ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్లీ గీయకుండా పూర్తి చేయాలి. వినగానే మంచి పజిల్ అనిపిస్తుంది, ఇలాంటివి స్టోర్లో చాలా ఉన్నాయి కూడా. కానీ 1736లోనే ఆయిలర్ అనే గణితజ్ఞుడు దీని గుట్టు విప్పాడు. గీతలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్న బొమ్మలో, బేసి సంఖ్యలో గీతలు కలిసే చుక్కలు ఒక్కటీ లేకపోతే ఎక్కడ మొదలుపెట్టినా పూర్తవుతుంది. అలాంటివి సరిగ్గా రెండు ఉంటే ఒకదాని దగ్గర మొదలుపెట్టి రెండోదాని దగ్గర ముగించాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే ఎవరివల్లా కాదు. లెవెల్ తయారు చేసేవాళ్లకు ఇది హాయి, చుక్కలు లెక్కపెడితే సరిపోతుంది. ఆడేవాళ్లకూ అంతే. పదో లెవెల్‌కల్లా ఈ సంగతి పట్టేస్తారు, ఆ తర్వాత ముప్పయ్యో లెవెల్ ఎంత పెద్దగా గీసినా ఆలోచన అదే. నియమం అందంగానే ఉంది, కానీ ముప్పై లెవెళ్లు మోసే బలం దానికి లేదు.

ఇంకో కొస సోకోబాన్. జపాన్‌లో 1982లో వెలువడిన ఈ పెట్టెలు నెట్టే ఆటకు లోతు అంతులేదు. కానీ మూలకు నెట్టిన పెట్టె ఇక బయటికి రాదు. ఆడేవారు ఓడిపోయి పది ఎత్తులు అయినా ఆ సంగతి వారికి తెలియదు. లెవెల్ పెద్దదైతే జవాబు ఉందో లేదో కంప్యూటర్‌తో తేల్చడం కూడా కష్టమవుతుంది. మొదటి ఆటకు ఈ రెండింటి నడుమ ఉండే నియమం కావాలి. ఆడేవారికి ఆలోచించే పని ఉండాలి, చేసేవారికి కంప్యూటర్‌తో పూర్తిగా తనిఖీ చేసుకునే వీలుండాలి.

అలాంటిది ఒకటి తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. పేరు మడి తడుపు అనుకుందాం. గళ్ల పలక ఒక పొలం. ఒక గడిలో మదుం ఉంటుంది, అంటే తూము. నీటిని ఏదో ఒక దిక్కుకు వదిలితే గట్టో, రాయో, అప్పటికే తడిసిన గడో అడ్డం వచ్చేవరకు తిన్నగా పారుతుంది. అక్కడ ఆగాక ఇంకో దిక్కు ఎంచుకోవాలి. పొడి గడి ఒక్కటి కూడా మిగలకూడదు.

వంశధార గొట్టా బ్యారేజీ కింద, నాగావళి తోటపల్లి, నారాయణపురం ఆనకట్టల కింద శివారు మడికి నీరందడం అంటే ఏమిటో ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఆటకు కథ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది సరిగ్గా ఇదే. కథ నియమాన్ని దానంతటదే చెప్పేయాలి. నీరు పారుతుంది, గట్టు ఆపుతుంది అన్నది చూడగానే అర్థమవుతుంది. అదే ఆటకు అంతరిక్షం, రోబో అని వేషం వేస్తే రోబో మధ్యలో ఎందుకు ఆగలేదో రెండు వాక్యాల్లో వివరించాలి. అయితే ఒక చోట కథకూ నియమానికీ పొత్తు కుదరదు. నిజం పొలంలో తడిసిన మడి మీదుగా నీరు పోతూనే ఉంటుంది, ఆటలో పోదు. కుదరని ఆ ఒక్క ముక్కను మాటలతో కాక రెండో లెవెల్‌తో నేర్పాలి, అక్కడ తడి గడికి తగిలి నీరు ఆగడం కంటికి కనిపించాలి.

ఈ నియమంలో ఒక గొప్ప సౌకర్యం దాగి ఉంది. నీరు ఆగిందంటే ముందు దారి మూసుకుపోయినట్టే, వెనుక దారి తడిసిపోయినట్టే. కాబట్టి మొదటి ఎత్తుకు గరిష్ఠంగా నాలుగు దిక్కులు, ఆ తర్వాత ప్రతి ఎత్తుకూ మహా అయితే రెండు. పన్నెండు ఎత్తుల లెవెల్లో అన్ని దారులూ కలిపినా 4 × 2048, అంటే 8192 దాటవు. కంప్యూటర్‌కి అది కంటిరెప్ప పాటు పని.

కాగితం మీద

కోడ్ మొదలుపెట్టక ముందు గళ్ల లెక్కల నోట్సు, గుప్పెడు చింతపిక్కలు తీసుకోవాలి. పెన్నుతో 4 × 4 గళ్లు గీసి, రాయి ఉన్న చోట గుండ్రం చుట్టి, నీరు పారిన గళ్లలో పిక్కలు పెడుతూ పోతే సరి. ఈ పనికి నాలుగు గంటలు కేటాయించినా చాలు, నెల రోజుల వృథా తప్పుతుంది.

మొదట తెలిసే సంగతి ఇది: రాళ్లు లేని దీర్ఘచతురస్రంలో మూల నుంచి వదిలితే నీరు చుట్టూ తిరిగి నడుమకు చేరి ఆగుతుంది, అంతా తడుస్తుంది. పలక ఎంత పెద్దదైనా అంతే. అందులో పజిల్ లేదు. ఇప్పుడు ఒక రాయి పెట్టి చూద్దాం. చుక్క పొడి గడి, # రాయి, @ మదుం.

. . # @
. . . .
. . . .
. . . .

కిందికి, ఎడమకు, పైకి, కుడికి, కిందికి, కుడికి, పైకి. ఏడు ఎత్తుల్లో 15 గళ్లూ తడిసిపోయాయి. బాగుందనిపిస్తుంది, కానీ ఒక్కో మలుపు దగ్గర ఆగి చూస్తే ప్రతిసారీ వెళ్లడానికి ఒకే దారి ఉంది. ఆడేవారు ఎంచుకున్నది ఏమీ లేదు. అదే పలకలో రాయినీ మదుంనూ కొంచెం జరిపితే:

. . . .
. . # .
. . @ .
. . . .

ఇక్కడ కూడా 15 గళ్లే, గెలిచే దారికి ఏడు ఎత్తులే. కానీ మొదట మూడు దిక్కులున్నాయి, ఏ దిక్కుకు వెళ్లినా రెండో ఎత్తుకు రెండేసి దారులు. ఆ తర్వాత అన్నీ బలవంతపు ఎత్తులే. మొత్తం ఆరు దారుల్లో రెండే గెలుస్తాయి: ఎడమకు వెళ్లి కిందికి తిరగడం ఒకటి, కిందికి వెళ్లి కుడికి తిరగడం ఇంకోటి. ఎడమకు వెళ్లి పైకి తిరిగితే సరిగ్గా ఒక్క గడి పొడిగా మిగిలిపోతుంది, రెండో వరుసలో ఎడమ నుంచి రెండోది. మిగతా మూడు తప్పు దారుల్లోనూ అది, దాని కింద గడి మిగులుతాయి. రెండు మూడు సార్లు ఓడిన మనిషికి చూపు ఆ గడి మీద పడుతుంది. గెలిచే రెండు దారుల్లోనూ ఆఖరున తడిసేది అదే. ఏ గడి చివర అన్న ప్రశ్న నుంచి వెనక్కి ఆలోచించాలని ఈ లెవెల్ ఒక్క మాట లేకుండా నేర్పుతుంది.

లెవెల్ విలువ దాని కొలతల్లో ఉండదు, అది నేర్పే ఆలోచనలో ఉంటుంది. కాగితం మీదే ఇలాంటి ఐదారు వేర్వేరు ఆలోచనలు దొరికితే నియమం ముప్పై లెవెళ్లు మోస్తుంది. రెండు రోజులు కూర్చున్నా రెండో ఆలోచన దొరక్కపోతే నియమం మార్చుకోవడానికి అదే సరైన సమయం, ఇంకా పోయిందేమీ లేదు.

జవాబు లేని లెవెల్‌ను పట్టడం

కొత్తవాళ్ల ఆటల్లో ఘోరమైన తప్పు జవాబే లేని లెవెల్ బయటికి వెళ్లడం. ఆడేవారు అరగంట తలపట్టుకుని ఆట తీసేస్తారు, మళ్లీ రారు. మడి తడుపు లాంటి ఆటకు దీన్ని రెండు మెట్లలో ఆపవచ్చు.

మొదటి మెట్టుకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. పలకకు చదరంగం బల్లలా రెండు రంగులు వేసుకోవాలి. నీరు ప్రతి అడుగుకూ రంగు మారుతుంది. కాబట్టి రాళ్లు తీసేశాక ఒక రంగు గళ్లు రెండో రంగు కన్నా ఒకటి ఎక్కువుంటే మదుం ఎక్కువున్న రంగులోనే ఉండాలి. తేడా రెండు లేదా అంతకు మించితే మదుం ఎక్కడ పెట్టినా కుదరదు. 5 × 5 ఖాళీ పలకలో ఒక రంగు 13, ఇంకోటి 12. మూలలన్నీ 13 ఉన్న రంగువే. అందుకే మూలలో మదుం పెడితే తడుస్తుంది, ఒక్క గడి పక్కకు జరిపితే ఎవరివల్లా కాదు. లెక్క సరిపోయినంత మాత్రాన జవాబు ఉన్నట్టు కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఇది చెడ్డ లెవెల్‌ను ఏరేస్తుందే గాని మంచి లెవెల్‌కు హామీ ఇవ్వదు.

రెండో మెట్టు సాల్వర్. అంటే అన్ని దారులూ తానే ఆడి చూసే చిన్న ప్రోగ్రామ్. ఉన్న గడి నుంచి వెళ్లగల ప్రతి దిక్కులో నీటిని పారించి, తడిసిన గళ్లు గుర్తుపెట్టుకుని, పొడి గళ్లు సున్నా అయితే ఒక జవాబుగా రాసుకుని, దారి మూసుకుపోతే వెనక్కి వచ్చి రెండో దిక్కు పట్టడం. యాభై లైన్ల లోపు అయిపోతుంది. ఇది ఉందని గానీ లేదని గానీ చెప్పి ఊరుకోకూడదు, నాలుగు అంకెలు ఇవ్వాలి: మొత్తం దారులెన్ని, గెలిచేవెన్ని, గెలిచే దారిలో నిజంగా రెండు దారులున్న మలుపులెన్ని, ఓడిన దారుల్లో అతి తక్కువగా మిగిలిన పొడి గళ్లెన్ని. పైన చూపిన రెండో పలకకు ఆ అంకెలు 6, 2, 2, 1. మొదటిదానికి దారి ఒకటే, అదీ గెలిచేదే, మలుపులు సున్నా. లెవెళ్లను కష్టం వారీగా పేర్చేటప్పుడు ఈ అంకెలు మొదటి ఆధారం. తయారు చేసినవారి మనసు ఈ విషయంలో నమ్మదగింది కాదు, ఎందుకంటే వారికి జవాబు ముందే తెలుసు.

గంటల లెక్క

ఆరు వారాలు, వారంలో ఐదు సాయంత్రాలు గంటన్నర చొప్పున, ఆదివారం మూడు గంటలు అనుకుంటే చేతిలో ఉండేవి 63 గంటలు. నియమానికి, కాగితానికి 4. ఆడగలిగే మూలరూపానికి 10. లెవెల్ ఫైళ్లు చదవడానికి, సాల్వర్‌కి 5. ముప్పై లెవెళ్లకు ఒక్కోదానికి 40 నిమిషాల వంతున 20. మెనూ, బటన్లు, శబ్దాలు, సేవ్ చేయడానికి 8. ఇతరులతో ఆడించి దిద్దడానికి 10. విడుదల పనులకు 6. అన్నిటికన్నా పెద్ద అంకె లెవెళ్లదే, అలాగే ఉండాలి. ముప్పై నిలవాలంటే నలభై, నలభై ఐదు తయారు చేసుకోవాల్సి వస్తుంది, మిగతావి పారేయాల్సినవే. 40 నిమిషాల్లో ఆ పారేసినవాటి సమయం కూడా ఉంది.

ఆదా చేయాల్సి వస్తే లెవెళ్లు తగ్గించుకోవచ్చు, ఇరవైతో విడుదల చేసినా ఎవరూ తప్పుపట్టరు. ఆడించి దిద్దే పది గంటలను మాత్రం ముట్టుకోకూడదు.

కొత్త హంగుల దగ్గర లెక్క ఇంకా కఠినంగా ఉండాలి. ఒకే దిక్కుకు నీరు వదిలే ఏటవాలు మడి, నీరు మీదుగా దాటే కల్వర్టు, రెండో మదుం, ఎండిపోయే మడి, తలుపు. ఒక్కోటి విడిగా అరగంట పనే. కానీ రెండు హంగులు ఎదురుపడితే ఏమవుతుందో ప్రతి జంటకూ తేల్చి రాయాలి, పరీక్షించాలి, సాల్వర్‌కి నేర్పాలి. మూడు హంగులకు మూడు జంటలు, ఐదింటికి పది. పైగా కల్వర్టు లాంటిది పెడితే తడి గడి మీదుగా నీరు పోవచ్చు, అప్పుడు రంగుల లెక్కనూ మలుపుకు రెండే దారులన్న సౌకర్యాన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. మొదటి ఆటకు రాయి కాక ఒక్క హంగు చాలు, అదీ పదిహేనో లెవెల్ దాటాక. అందుకు ఏటవాలు మడి మంచిది, ఎందుకంటే అది మలుపు దగ్గరి దారులను తగ్గిస్తుంది గాని పెంచదు.

కోడ్‌లో తేలిగ్గా తప్పేవి

సాధనం సంగతి తొందరగా తేల్చవచ్చు. జావాస్క్రిప్ట్ వచ్చినవారికి ఒక వెబ్ పేజీ, కాన్వాస్ చాలు, ఆట మొత్తం ఒక ఎంబీ లోపే ఉంటుంది. ఫోన్ యాప్‌గా కూడా కావాలంటే ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజన్ ఉచితం, దాని లైసెన్స్ ఎంఐటీ, సంపాదన మీద వాటా అడగదు. పాత ఫోన్ల కోసం అందులో తెర మీద బొమ్మ గీసే పద్ధతిగా కంపాటిబిలిటీ రెండరర్ ఎంచుకోవాలి, వెబ్‌కి పంపాలన్నా అదే పనిచేస్తుంది. నియమాన్ని రుచి చూడటానికే అయితే స్టీఫెన్ లావెల్ 2013లో ఉచితంగా ఇచ్చిన పజిల్‌స్క్రిప్ట్ అనే పజిల్ ఆటలు రాసే సాధనం బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఏదైనా సరే, ఈ ఎంపిక మీద ఒక సాయంత్రం కన్నా ఎక్కువ ఖర్చు పెట్టకూడదు.

నియమం, బొమ్మ వేరువేరుగా ఉండాలి. పలక ఒక పూర్ణాంకాల జాబితా: 0 పొడి, 1 తడి, 2 రాయి. ఎత్తు వేయగానే ఆ జాబితా ఒక్కసారిగా మారిపోవాలి, తెర మీద నీరు పారడం తర్వాత నడిచే బొమ్మలాట మాత్రమే. ఇలా కాకుండా బొమ్మ ఎక్కడుందో చూసి నియమం నడిపిస్తే నీరు రెండు గళ్ల మధ్య ఉండగా రెండో స్వైప్ పడి లెక్క తప్పుతుంది. ఇలాంటి బగ్ పది ఆటలకు ఒకసారే కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం నరకం. బొమ్మ కదలికకు గడికి 60 నుంచి 80 మిల్లీసెకన్లు సరిపోతుంది. ఆ లోపు వచ్చిన స్వైప్‌ను ఒక్కదాన్ని దాచుకుని తర్వాత ఆడించాలి, రెండోదాన్ని వదిలేయాలి.

అన్‌డూ, అంటే వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే వీలు, మొదటి వారంలోనే ఉండాలి. ప్రతి ఎత్తుకూ తడిసిన గళ్ల జాబితాను పేర్చుకుంటూ పోతే వెనక్కి రావడం రెండు లైన్ల పని. చివరికి వదిలేస్తే సగం కోడ్ తిరగరాయాలి. నీరు ఎటూ పోలేని స్థితి వచ్చినప్పుడు ఓడిపోయారని పెట్టె చూపించకూడదు. మిగిలిన పొడి గళ్లు ఒకసారి మెరిస్తే చాలు, తప్పు ఎక్కడో వారే చూసుకుంటారు.

లెవెళ్లను పైన చూపినట్టు చుక్కలు, గుర్తులతో మామూలు టెక్స్ట్ ఫైల్లో రాయాలి. కోడ్ ముట్టుకోకుండా ఫోన్లో కూడా మార్చుకోవచ్చు. ప్రతి లెవెల్‌కు మారని గుర్తింపు పేరు ఒకటి ఇవ్వాలి, ఆడేవారి ప్రగతిని ఆ పేరుతోనే దాచాలి. వరుస సంఖ్యతో దాచితే రేపు పన్నెండో లెవెల్‌ను ఇరవయ్యో చోటికి మార్చగానే పాతవాళ్లు పూర్తి చేసినవి పూర్తి కానట్టు, కానివి అయినట్టు కనిపిస్తాయి. అప్పుడు దిద్దడానికి దారి ఉండదు.

స్వైప్ విషయంలో రెండు సంగతులు. 720 పిక్సెళ్ల వెడల్పు తెర మీద వేలు 40 పిక్సెళ్లు కదిలిందంటే దిక్కు తేల్చేయాలి, వేలు ఎత్తేదాకా ఆగితే ఆట బరువుగా అనిపిస్తుంది. అడ్డం, నిలువు కదలికల్లో ఏది పెద్దదో అదే దిక్కు. ఇక కింది బటన్లు లేకుండా స్వైప్‌లతో నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర అంచు నుంచి లోపలికి జరిపితే వెనక్కి వెళ్లే ఆజ్ఞగా ఫోనే తీసుకుంటుంది. పలకను అంచుదాకా పరిస్తే కుడికి స్వైప్ చేసినవారు ఆటలోంచి బయటపడతారు. రెండు పక్కలా తగినంత ఖాళీ వదలాలి.

తెలుగు అక్షరాల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. గోడో మూడో తరం తెలుగు ఒత్తులను సరిగా కూర్చలేదు, విడివిడి ముక్కలుగా చూపిస్తుంది. నాలుగో తరం కూరుస్తుంది, కాబట్టి తెలుగు ఆటకు నాలుగే వాడాలి. ఫాంట్ ఆటతోపాటే ఇవ్వాలి. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ, గిడుగు, మండలి వంటివి ఉచిత లైసెన్స్‌తో ఉన్నాయి. బటన్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకు సరిపెట్టి ఊరుకుంటే కింది ఒత్తులు తెగిపోతాయి. స్వాతంత్ర్యం, రాష్ట్రం లాంటి మాటలు పెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది. ఇక భాష: వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే. ఆటలో రాసే నాలుగు మాటలూ ఇంట్లో మాట్లాడుకునే మాటలే కావాలి. మడి అంతా తడపండి అంటే చాలు. మదుం అనే మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెలిసినా అన్నిచోట్లా తెలియదు కాబట్టి ఆ గడికి మాట కాక బొమ్మ ఉండాలి.

పొడి, తడి గళ్లకు రంగు ఒక్కటే తేడాగా పెట్టడం కూడా తప్పే. ఎర్రటి ఎండలో తక్కువ ధర ఫోన్ తెర మీద గోధుమ, నీలం రంగులు దాదాపు ఒకటైపోతాయి. రంగులు సరిగా పోల్చుకోలేనివారూ ఉంటారు. తడి గడిలో అలల గీతలు వేస్తే ఇద్దరి ఇబ్బందీ తీరుతుంది.

ఆడించి చూడటం

పదిహేను లెవెళ్లు అవగానే ఐదుగురితో ఆడించాలి. గేమ్స్ అలవాటున్న స్నేహితులే కాకుండా ఇంట్లో పెద్దవాళ్లు ఒకరిద్దరు ఉండాలి. అష్టాచెమ్మా, పులి మేక ఆడి పెరిగినవాళ్లు దారులు బాగా చూడగలరు, కానీ స్వైప్ చేయాలని వారికి ఎవరైనా చెప్తే తప్ప తట్టకపోవచ్చు. ఆ చెప్పడం ఆటే చేయాలి. అందుకే ఫోన్ చేతికిచ్చాక నోరు తెరవకూడదు. ఇది చాలా కష్టం, ఐనా తప్పదు. ఒక్క సలహా ఇచ్చినా ఆ లెవెల్ గురించి తెలుసుకునే అవకాశం పోయినట్టే.

పక్కన కూర్చుని నోట్సులో రాసుకోవాల్సినవి: లెవెల్ పేరు, పట్టిన సమయం, అన్‌డూ ఎన్నిసార్లు, ఏ గడి దగ్గర ఆగిపోయారు. తొలి పదిలో ఏదైనా లెవెల్ దగ్గర ఐదుగురిలో ముగ్గురు ఐదు నిమిషాలు దాటితే అది అక్కడ ఉండకూడదు. వెంటనే తీసేయడమూ సరికాదు. దానికి కావాల్సిన ఆలోచనను నేర్పే లెవెల్ అంతకుముందు ఉందా అని చూడాలి, చాలాసార్లు లోటు అక్కడే ఉంటుంది. సాల్వర్ అంకెలకూ మనుషుల సమయాలకూ తేడా వచ్చిన చోట మనుషుల సమయాన్నే నమ్మాలి. ఒక గంట పరీక్షను విజయనగరం నుంచి పలాస వైపు వెళ్లే పాసింజర్ రైల్లో పెట్టుకుంటే ఇంట్లో దొరకని లోపాలు దొరుకుతాయి. ఒంటి చేత్తో ఆట సాగుతోందా, కుదుపులో స్వైప్ తప్పుతోందా, సిగ్నల్ పోయినప్పుడు ఏదైనా ఆగిపోతోందా, ఫోన్ కాల్ వచ్చి వెళ్లాక పలక అలాగే ఉందా.

విడుదలకు ముందే వేసుకోవాల్సిన తేదీలు

వెబ్ ఆటకు ఇచ్ డాట్ ఐఓ (itch.io) అనే ఆటల సైటులో పేజీ ఉచితం. ఆట ఫైళ్లను జిప్ చేసి, మొదటి పేజీకి index.html అని పేరుపెట్టి పంపితే బ్రౌజర్‌లో నడుస్తుంది. తొలి అభిప్రాయాల కోసం ఇది చాలు.

గూగుల్ ప్లే అయితే ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. ప్రణాళికలో చాలామంది మరచిపోయేది వేరే ఉంది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు, కనీసం 12 మంది వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో, అంటే పిలిచినవారు మాత్రమే ఆడే పరీక్షలో, ఉంటేనే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకునే వీలుంటుంది. మధ్యలో ఒకరిద్దరు యాప్ తీసేసి తప్పుకోవడం మామూలే, అందుకే 16 నుంచి 18 మందిని ముందే ఒప్పించుకోవాలి. ఈ పద్నాలుగు రోజులు ఆరు వారాల తర్వాత మొదలైతే పండగకు ఇద్దామనుకున్న ఆట పండగ దాటాక వస్తుంది. నాలుగో వారం చివర, ఇరవై లెవెళ్లతోనే ఆ టెస్ట్ మొదలుపెడితే మిగతా పని నడుస్తుండగానే రోజులు పూర్తవుతాయి, ఆ వచ్చినవాళ్లే రెండో విడత ఆడేవాళ్లవుతారు.

స్టోర్ పేజీకి 512 × 512 పిక్సెళ్ల ఐకాన్, 1024 × 500 పిక్సెళ్ల బొమ్మ, కనీసం రెండు స్క్రీన్‌షాట్లు, ప్రైవసీ పాలసీ లింకు కావాలి. ఆట ఏ సమాచారమూ తీసుకోకపోయినా డేటా సేఫ్టీ ఫారం నింపాల్సిందే. ఆటతో ప్లేలో డబ్బు సంపాదించే ఏర్పాటు పెడితే వ్యక్తిగత ఖాతాదారు చిరునామా స్టోర్లో అందరికీ కనిపిస్తుంది. ఇంటి చిరునామా బయటపెట్టడం ఇష్టం లేనివారు, ముఖ్యంగా అమ్మాయిలు, ఈ ఒక్క సంగతి ముందు తెలుసుకుని తొలి ఆటను ఉచితంగా ఇవ్వడం మంచిది. యాప్‌పై సంతకం చేసే కీస్టోర్ ఫైల్‌ను, దాని పాస్‌వర్డ్‌ను ల్యాప్‌టాప్‌లోనే కాక ఇంకో చోట కూడా దాచుకోవాలి. ప్లే యాప్ సైనింగ్‌లో, అంటే అసలు సంతకం కీని గూగులే దాచే పద్ధతిలో, ఉన్న ఆటకు మన దగ్గరుండే అప్‌లోడ్ కీ పోతే కొత్తది అడగవచ్చు, కానీ అది వచ్చేదాకా కొత్త వెర్షన్ పంపడం కుదరదు. విడుదల రోజున ఎవరో జవాబు లేదని చెప్పిన లెవెల్‌ను సరిదిద్దాల్సి వస్తే ఆ ఫైలే చేతిలో ఉండాలి.